దూది పథ్యం

అదే మాట ఇంట్లో, తలుపు వేసుకుని అని ఉంటే ఆమె అంతగా పట్టించుకునేది కాదు. కాపురం అన్నాక ఒక మాట వస్తుంది, ఒక మాట పోతుంది. కానీ మాస్టారు ఆ మాట కొట్లో అన్నాడు. అదీ పూలకొట్టావిడ ఎదురుగా అన్నాడు.

"నేల సరిగ్గా ఊడిస్తే దానికి ఈ అవస్థ వచ్చేదా? దారం ముక్కలన్నీ దాని కడుపులోకి పోయాయి."

అది అంటే దూది, వాళ్ళ తెల్ల కుందేలు. కటింగ్ బల్ల కింద గోనెపట్టా మీద వీపు గూనిలా పెట్టుకుని కూర్చుంది. పొద్దున వేసిన గడ్డి వేసినట్టే ఉంది. చెవులు వెనక్కి వాలిపోయాయి, కళ్ళు సగం మూతబడ్డాయి. దగ్గరగా వంగి వింటే పళ్ళు నూరుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. రోజూ ఈపాటికి బల్ల కిందంతా పెంటికలు రాలి ఉండేవి, వాటిని ఆమె చేటలోకి ఎత్తేది. ఇవాళ ఒక్కటీ లేదు. అది చూసే ఆమె మాస్టారిని పిలిచింది. పిలిచిన పాపానికి ఈ మాట పడింది.

ఆ వీధిలో అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. ముందు గదిలో కుట్టు మిషను, బల్ల, నిలువుటద్దం. వెనక వాళ్ళ కాపురం. ఆయన కత్తిరించి కుడతాడు. ఆమె కాజాలు తీస్తుంది, గుండీలు వేస్తుంది, అంచులు మడిచి చేత్తో కుడుతుంది, పొద్దునా సాయంత్రం నేల ఊడుస్తుంది. ఊడవడంలో ఆమెకి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. గుండుసూది జారితే అది ఏ మూలకి దొర్లిందో మాస్టారికి ఆమే చూపించాలి. అలాంటి మనిషిని పట్టుకుని ఊడవలేదంటే చురుక్కుమనదా మరి.

పూలకొట్టావిడ తన కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. మంచి మనిషే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. "అయ్యో పాపం, దారాలు మింగిందా," అంటూ బల్ల కిందకి తొంగి చూసింది. పోతూ పోతూ ఆమె వైపు ఒక జాలిచూపు విసిరి పోయింది. ఆ చూపుకే ఆమెకి ఒళ్ళు మండింది. సాయంత్రానికల్లా ఈ కబురు వీధి చివరి దాకా పోతుంది, అదీ ఉప్పూ కారం చల్లుకుని పోతుంది.

ఆమె మాటకి మాట అనలేదు. చేతకాక కాదు. కొట్లో బయటివాళ్ళు ఉండగా భర్త మాటకి ఎదురు చెప్పకూడదని ఆమె ఎప్పుడో పెట్టుకున్న నియమం. ఆ నియమంలో సగమైనా ఆయనకి ఉంటే బాగుండేదని అనుకుంది.

"బుట్ట తెస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది.

దూది నిజానికి వాళ్ళమ్మాయిది. నర్సు చదువుకని అమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో చేరింది. హాస్టల్లో కుందేళ్ళని రానివ్వరు కాబట్టి అది వీళ్ళ పాల పడింది. "నాకున్న పని చాలదని దీన్ని నా నెత్తిన పెట్టి పోయింది," అని మాస్టారు కొట్టుకొచ్చినవాళ్ళతో విసుక్కునేవాడు. "దీని చాకిరీ నా వల్ల కాదు బాబూ," అని ఆమె వంటింట్లోంచి వంత పాడేది. దూది మాత్రం ఇద్దరి విసుగులూ విని, వాళ్ళ కాళ్ళ మధ్యే ఒళ్ళు చాపుకుని పడుకునేది.

పట్టపగలు కొట్టుకి తాళం వేయడం మాస్టారికి కొత్త. బుట్ట ఆయనే పట్టుకున్నాడు. దారిలో బండి ఏదైనా పెద్దగా చప్పుడు చేస్తే బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె అది చూసింది, చూసీ కరగలేదు.

పశువుల డాక్టరమ్మ వయసులో చిన్నదే. దూదిని బల్ల మీద నిలబెట్టి పొట్ట అటూ ఇటూ మెల్లగా తడిమింది, గొట్టం పెట్టి చాలాసేపు విన్నది, లోపలికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీసింది. తిరిగొచ్చేదాకా ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఖాళీ బుట్ట ఉంది.

"దారం మింగిందేమోనని భయపడుతున్నాం," అన్నాడు మాస్టారు.

"దారాలు ఫొటోలో కనబడవు కానీ, ఏదైనా అడ్డుపడితే పేగు ఉబ్బే తీరు వేరుగా ఉంటుందండీ. ఇక్కడ అడ్డేమీ లేదు. పొట్ట మందగించింది, గాలి పట్టింది. నొప్పికి తినడం మానేసింది. తినకపోతే పేగులు ఇంకా ఆగిపోతాయి, ఆగితే ఇంకా తినదు. అదే ప్రమాదం. మనమే తినిపించి వాటిని మళ్ళీ నడిపించాలి."

దారం కాదు. ఆమె మాస్టారి వైపు చూడలేదు కానీ, ఆ మాట ఆయన చెవిలో పడిందా లేదా అని ఒళ్ళంతా చెవులు చేసుకుంది.

"ఏం పెడుతున్నారు దీనికి?" అని అడిగింది డాక్టరమ్మ.

"గడ్డి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"గడ్డి ఒక్కటేనా?"

"గడ్డేనండీ," అంది ఆమె. ఆ అనడంలోనే ఆమెకి అరటిపండు గుర్తొచ్చింది. పొద్దున్నే మాస్టారు స్నానానికి వెళ్ళగానే దూది వంటింటి గడప దగ్గరికి వచ్చి వెనక కాళ్ళ మీద లేచి నిలబడేది. ఆమె తన పండులో సగం విరిచి పెట్టేది. ఇప్పుడు ఆ సంగతి బయటపెడితే మాస్టారి చేతికి తనే కర్ర అందించినట్టవుతుంది. ఊడవలేదన్న మాట ఎలాగూ పడింది, దానికి తోడు ఇదొకటా? మాస్టారేమో గోడ మీద పిల్లి బొమ్మని అంతకు ముందెన్నడూ పిల్లినే చూడనట్టు చూస్తున్నాడు.

"గడ్డి ఒక్కటే తినే కుందేలు ఇంత లావెక్కదండీ," అని డాక్టరమ్మ నవ్వింది. "తియ్యటివీ పిండివీ అలవాటైతే గడ్డి మీద ఆశ పోతుంది. పీచు పడకపోతే దీని పొట్ట పని చెయ్యదు. సరే, ఇప్పుడది కాదు. ఎలా పట్టాలో చూడండి."

నొప్పికి ఒక ఇంజెక్షన్, చర్మం కింద సెలైన్ ఇచ్చింది. తర్వాత గడ్డిని మెత్తగా పొడి చేసిన పథ్యప్పిండి ఒకటి తీసి, గోరువెచ్చని నీళ్ళలో జావలా కలిపింది. సూది లేని సిరంజిలోకి లాగింది. దూదిని తువ్వాల్లో చుట్టి, తల ఒక్కటీ బయటికి ఉంచింది. "వెల్లకిలా పడుకోబెట్టొద్దు. మామూలుగా కూర్చునే ఉండాలి. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఈ సందు ఉంది చూశారా, పక్క నుంచి ఇక్కడ పెట్టండి. రవ్వంత వదలండి. అది నమిలి మింగిందాకా ఆగండి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాసేపటికోసారి, కొంచెం కొంచెంగా. గడ్డి ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. పెంటికలు పడ్డాయంటే గండం గడిచినట్టే."

ఇంటికొచ్చే దారిలో ఆమె ఎదురుచూసింది. తప్పు నాదేనని ఇప్పుడంటాడు, ఈ మలుపు దాటాక అంటాడు అనుకుంది. మాస్టారు మలుపులన్నీ దాటాడు. కొట్టు తాళం తీస్తూ, "డాక్టరమ్మది మంచి చెయ్యి," అని మాత్రం అన్నాడు.

ఆయన వంటింట్లోకి వచ్చి చెవిలో చెప్పినా ఆమెకి ఇప్పుడు సరిపోదు. మాట ఎక్కడ పడిందో అక్కడే తియ్యాలి. కొట్లో, నలుగురిలో, ఆ పూలకొట్టావిడ చెవిన పడేలా తియ్యాలి. అప్పటిదాకా మాస్టారితో కుందేలు సంగతి తప్ప వేరే మాట లేదని తీర్మానించుకుంది.

మొదటిసారి పట్టడం చూడముచ్చటగా జరగలేదు. ఆమె దూదిని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు చుట్టింది. అది ముందు కాళ్ళు బయటికి తీసింది. మళ్ళీ చుట్టింది. సిరంజి పెడితే తల తిప్పేసింది. జావ సగం తువ్వాలుకీ, సగం ఆమె గడ్డానికీ అయింది. రెండోసారి కంగారులో కాస్త గట్టిగా నొక్కింది, దూది పొలమారినట్టు ముక్కుతో చప్పుడు చేసింది. ఆమె సిరంజి వెనక్కి లాగేసింది.

మిషను ఆగింది. "నెమ్మదిగా," అన్నాడు మాస్టారు అక్కణ్ణుంచే.

"అయితే వచ్చి పట్టుకోండి."

వచ్చాడు. నేల మీద కూర్చుని చాలా రోజులైందేమో, మోకాళ్ళు పట్టుకుని విడతలు విడతలుగా కూర్చున్నాడు. దూదిని తన తొడ పక్కన నేల మీద పెట్టి, రెండు చేతులూ తువ్వాలు మీద ఆనించాడు. లాగలేదు, నొక్కలేదు. మిషను సూది కిందకి పల్చటి బట్టని పోనిచ్చేటప్పుడు ఎలా ఆనిస్తాడో అలాగే ఆనించాడు. దూది గింజుకోవడం మానేసింది. ఆమె సిరంజి కొసని పెదవి పక్కన పెట్టి రవ్వంత వదిలింది, ఆగింది. దవడ కదల్లేదు. కాసేపటికి దవడ ఒకసారి కదిలింది, తర్వాత మళ్ళీ కదిలింది, గొంతు దగ్గర బొచ్చు అల్లాడింది.

"మింగింది," అన్నాడు మాస్టారు.

"కనిపిస్తోంది," అంది ఆమె పొడిగా.

అలా సిరంజి ఖాళీ అయ్యేసరికి టీ వేళ దాటిపోయింది. తర్వాత మాస్టారు దాని పొట్ట కింద చెయ్యి పెట్టి మెల్లమెల్లగా రాస్తూ కూర్చున్నాడు. బల్ల మీద ఎవరిదో ప్యాంటు సగం కత్తిరించి ఉంది. అది రేపటికి ఇవ్వాలని ఆయనకి గుర్తున్నట్టే లేదు.

మర్నాడు ఆమె కొట్టుని ఊడ్చిన తీరు చూసి తీరాలి. మామూలుగా రెండుసార్లు ఊడ్చేది, ఆ రోజు మాస్టారు కత్తెర కదిపినప్పుడల్లా చీపురు పట్టుకుంది. దారం పోగు నేలకి తాకకముందే అందుకుంది. కొలతలివ్వడానికొచ్చిన స్కూలు టీచరు, "అబ్బో, నేల అద్దంలా ఉందే," అంది. ఆ అనడంలో ఒక నవ్వు దాగి ఉంది. పూలకొట్టావిడ తన పని పూర్తి చేసిందన్నమాట. ఆమె తల వంచుకుని ఇంకాస్త గట్టిగా ఊడ్చింది.

ఆ ఊడవడంలోనే లైనింగు బట్ట చుట్ట పక్కకి జరిపింది. దాని వెనక, గోడకి ఆనించి, పాత సుద్దముక్కల డబ్బా ఉంది. ఊపితే సుద్ద చప్పుడు రాలేదు. మూత తీస్తే బిస్కెట్లు. సగం సగం విరిచి, వరసగా పేర్చి ఉన్నాయి. మాస్టారికి పన్ను జివ్వుమంటుందని బిస్కెట్ ముట్టక ఏళ్ళయింది. మరి ఇవి ఎవరికి? డబ్బా చుట్టూ నేల మీద తెల్ల బొచ్చు అంటుకుని ఉంది.

ఆమెకి మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత, దాచడమెందుకు, పరమానందం కలిగింది. దారాలట. తనకి ఊడవడం చేతకాదట. డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద, సరిగ్గా ఆయన కత్తెర పక్కన పెట్టింది. మాస్టారు తలెత్తి డబ్బా చూశాడు, ఆమెని చూశాడు, తేలుకుట్టిన దొంగలా మళ్ళీ తల దించుకున్నాడు. అయినా నోరు విప్పలేదు. స్కూలు టీచరు ఇంకా అక్కడే ఉంది మరి.

ఆనందం వంటింటి దాకా కూడా నిలవలేదు. అక్కడ గూట్లో అరటిపళ్ళు ఉన్నాయి. పొద్దున గడప దగ్గర ఎవరూ లేచి నిలబడలేదు, ఆమె పండు ఒలవనూ లేదు. ఆమె వాటి మీద గుడ్డ కప్పేసింది. ఆయన బిస్కెట్ ఎంతో, తన పండూ అంతే. కాకపోతే తన దగ్గర డబ్బా లేదు.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. మాస్టారు, "ఆఁ, బానే ఉంది, పడుకుంది," అని ఆమె చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఆమెకి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"కాస్త నలతగా ఉందమ్మా. తినట్లేదు. డాక్టరమ్మ పథ్యం ఇచ్చింది, పడుతున్నాం."

"అమ్మా, మీ ఇద్దరికీ అదంటే పడదని నాకు తెలుసు. ఊరికే నా కోసం అవస్థ పడకండి. మరీ కష్టమైతే, బాగయ్యాక ఎవరికైనా పెంచుకోవడానికి ఇచ్చేద్దాం. నేనేం అనుకోను."

"అక్కర్లేదు," అంది ఆమె. అదే క్షణంలో, ఫోను పక్క నుంచి విన్నాడో ఏమో, మాస్టారు కూడా, "అక్కర్లేదని చెప్పు," అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఇద్దరూ బల్ల కింద రెండు పక్కలా కూర్చుని మళ్ళీ జావ పట్టారు. దూది ఈసారి సిరంజి కొసని రెండు మూడుసార్లు దానంతటదే నాకింది. కానీ ఒక్క పెంటికా లేక నేల శుభ్రంగా ఉంది. ఆమె జీవితంలో మొదటిసారి శుభ్రంగా ఉన్న నేలని చూసి దిగులుపడింది. ఇది పోతే అమ్మాయికి ఏం చెప్పాలో, ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుందో ఆమెకి తోచలేదు. రాత్రి వంతులేసుకుని లేచారు. ఒకరి వంతులో రెండోవాళ్ళు కూడా మేలుకునే ఉన్నారు.

ఆ మరుసటి పొద్దున స్కూలు టీచరు తన గౌను వేసి చూసుకోవడానికి వచ్చింది. మాస్టారు ఆవిడ భుజం దగ్గర సుద్దతో గీత గీస్తూ గీస్తూ ఆగిపోయాడు. బల్ల కిందకి వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"వచ్చాయి," అన్నాడు కింద నుంచి.

"ఏమిటండీ?" అంది టీచరు.

"పెంటికలండీ." మాస్టారు లేచి నిలబడ్డాడు. అరచేతిలో నల్లటివి, చిన్నవి, వంకరటింకరవి నాలుగైదు ఉన్నాయి. వీధిలో ఎవరి బట్టకీ మరక అంటనివ్వని మనిషి వాటిని పెళ్ళి ఉంగరంలా అందరికీ చూపిస్తున్నాడు. "ఇదిగో, ఒకసారి ఇలా రా, వచ్చాయి," అని వంటింటి వైపు కేకేశాడు.

ఆమె గుండీలు వేస్తున్న కోటుతోనే పరుగున వచ్చింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. వంగి చూస్తే దూది ఒక గడ్డిపోచని చివర నుంచి లోపలికి లాక్కుంటోంది. తర్వాత ఇంకో పోచ అందుకుంది. ఆ నమిలే చప్పుడు వినడానికి అందరూ ఊరుకున్నారు. టీచరు కూడా సగం కుట్టిన గౌనుతోనే నేల మీద కూలబడి వింది.

పూలకొట్టావిడ కోటు కోసం వచ్చింది సరిగ్గా అప్పుడే. సంగతి విని, "హమ్మయ్య, బతికిపోయింది," అని నిజంగానే సంతోషించింది. ఆమె చేయి పట్టుకుని, "ఇకనైనా నేల మీద దారాలు లేకుండా చూసుకోండమ్మా. నోరులేని జీవి కదా," అంది.

ఆమె చేతిలో ఆ కోటే ఉంది. గుండీలు వేయడం ఇంకా మిగిలి ఉంది. సూది గుచ్చి దారం లాగింది.

"దారాలు కాదండీ," అన్నాడు మాస్టారు.

"మరి?"

"దారాలు కాదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. తియ్యటివి పెట్టడం వల్లనంది. రోజూ సాయంత్రం టీ వేళకి నేనే దానికి బిస్కెట్ పెట్టేవాణ్ణి. ఎవరికీ తెలియకుండా పెట్టేవాణ్ణి. అది పడుకుండిపోయేసరికి భయం వేసింది, నోటికొచ్చింది ఈవిడ మీద అనేశాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ ఊడవని రోజంటూ ఈ ఇంట్లో లేదండీ. అన్నది తప్పు. మీ ముందే అన్నాను కాబట్టి మీ ముందే చెబుతున్నాను."

టీచరు నేల మీద నుంచి లేవడం మరిచిపోయి వింటోంది.

ఆమె కోరుకున్నది ఇదే. కోరుకున్న చోట, కోరుకున్న మనిషి ముందు, కోరుకున్న దానికంటే నిండుగా దక్కింది. గర్వంగా తలెత్తి చూడాల్సింది. చూసింది కూడా. మాస్టారు బల్ల అంచు పట్టుకుని, పనిలో తప్పు దొరికినవాడిలా నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ నిలబడ్డ తీరు చూస్తే ఆమెకి ఆ గెలుపు తన ఒక్కదానికే ఉంచుకోబుద్ధి కాలేదు.

"అయితే పాపం, మీ తప్పేమీ లేదన్నమాట," అంది పూలకొట్టావిడ ఆమె వైపు తిరిగి. "అనవసరంగా మాట పడ్డారు."

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆమె సూదిని గుండీలోంచి పైకి లాగి ఆపింది.

"ఎందుకు లేదు," అంది. "పొద్దున పూట అరటిపండు నేను పెట్టేదాన్ని."

మాస్టారు కళ్ళద్దాలు తీశాడు. "అరటిపండా? నువ్వా?"

"మీరు స్నానానికి వెళ్ళినప్పుడు."

"దాని చాకిరీ నా వల్ల కాదు కాదంటూనే?"

"మీరు మాత్రం నెత్తిన పెట్టి పోయింది పోయింది అంటూనే కదా."

టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. మాస్టారు నవ్వలేదు. "ఎప్పట్నుంచి పెడుతున్నావు?" అని మెల్లగా అడిగాడు.

ఆమె కోటు మడత సర్దింది. "అమ్మాయి వెళ్ళిన మర్నాటి నుంచి."

మాస్టారు మిషను చక్రాన్ని ఊరికే చేత్తో ఒక చుట్టు తిప్పాడు.

"నేను ఆ సాయంత్రం నుంచే," అన్నాడు. "బస్సెక్కించి వచ్చాక."

ఆ సాయంత్రం ఆమెకి బాగా గుర్తు. బస్సు కదిలిపోయాక ఇంటికొచ్చి, భోజనానికి పిలిస్తే, పనుందని మాస్టారు కొట్లోనే ఉండిపోయాడు. మిషను చప్పుడు మాత్రం వినిపించలేదు. ఆమె ఒక్కతే వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. బిడ్డ వెళ్ళిపోతే ఈ మనిషికి చీమ కుట్టినట్టైనా లేదే అని అప్పుడు అనుకుంది, ఆ తర్వాత కూడా చాలాసార్లు అనుకుంది. ఆయన ఇక్కడ బల్ల కింద నేల మీద కూర్చుని, కూతురి కుందేలుకి బిస్కెట్ విరిచి పెడుతున్నాడన్నమాట.

పూలకొట్టావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోటు తర్వాత తీసుకుంటానని మెల్లగా చెప్పి, తొందరేం లేదని మరోసారి చెప్పి వెళ్ళింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు గోరువెచ్చగా కాచి, పథ్యప్పిండి కలిపింది. అది దానంతటదే తింటున్నా ఇంకా కొన్ని పూటలు పట్టాలని డాక్టరమ్మ చెప్పింది. తువ్వాలు భుజాన వేసుకుని, సిరంజి పట్టుకుని బయటికొచ్చేసరికి మాస్టారు అప్పటికే మోకాళ్ళు పట్టుకుని బల్ల కింద కూర్చుని, ఆమెకి పక్కన చోటు చేస్తున్నాడు.